పెద్ద బండిదే తప్పప్పా!

జిల్లా కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు అని న్యాయానికి మూడు మెట్లున్నాయని పిల్లలకు చెబుతుంటారు. వీటన్నిటికంటే చురుకైన కోర్టు ఒకటి డోన్ చుట్టుపక్కల 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడ పడితే అక్కడ వెలుస్తుంది. దానికి వాయిదాల్లేవు, వకీళ్లు లేరు. ఉన్నది ఒకటే సెక్షను: గుద్దుకున్న రెండు బండ్ల టైర్లు లెక్కబెట్టు, ఎక్కువున్నవాడిది తప్పు. సైకిలూ స్కూటరూ అయితే టైర్లు రెండేసే అయినా స్కూటరుది. స్కూటరూ కారూ అయితే కారుది. కారూ లారీ అయితే లెక్కబెట్టే శ్రమ కూడా అక్కర్లేదు. లారీ లారీ గుద్దుకుంటేనే కొంచెం చిక్కు. అప్పుడు నంబరు ప్లేట్లు చూసి పక్క రాష్ట్రంవాడిని దోషిగా తేలుస్తారు.

మచ్చుకు ఒక విచారణ చూద్దాం. బేతంచెర్ల బండలు నిలువునా పేర్చుకుని పన్నెండు టైర్ల లారీ కుడి లేన్‌లో పోతోంది. వెనక తలుపు మీద మద్దిలేటి స్వామి పేరు, దాని కింద ‘నన్ను చూసి ఏడవకురా’. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే తెల్ల కారాయన ఆ మాట తన్నే అన్నట్టు ఉడుక్కుని, డిప్పర్ మీద డిప్పర్ కొట్టి, చివరికి ఎడమ పక్కనుంచి దూరి కట్ కొట్టాడు. ఎదురుగా గొర్రెల మంద. కారు ఆగింది. లారీ కూడా ఆగింది గానీ, కారు డిక్కీని కాస్త లోపలికి నొక్కి ఆగింది. అర నిమిషంలో కోర్టు కొలువుదీరింది.

‘‘తాగి నడుపుతున్నావా?’’ అన్నాడు కారాయన. ఇది ఫిర్యాదు కాదు, పలకరింపు.

‘‘సార్, నువ్వు ఎడమ పక్క దూరి అడ్డమొస్తివి. నా యెనక ముప్పై టన్నుల బండలుండాయి. బ్రేక్ తొక్కితే నేను నిలబడతా, అవి నిలబడాల గదా?’’

టన్నుల లెక్క నోరు జారినందుకు క్లీనరు డ్రైవర్ చొక్కా లాగాడు. మరి 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. లోడెత్తించిన ఓనరు ఇంట్లో నిద్రపోతుంటాడు, జవాబు చెప్పుకునేవాడు రోడ్డు మీద ఉంటాడు.

భుజాన తువ్వాలేసుకున్న పెద్దాయన తీర్పిచ్చాడు: ‘‘ఏమప్పా డ్రైవరూ, నీది పెద్ద బండి గదా, నువ్వే చూసుకోవాల.’’ గొర్రెలకు టైర్లు లేవు గనక, వాటి యజమానిని సాక్షిగా కూడా పిలవలేదు.

లారీలకు కుడి లేన్‌లో ఏం పనని కారాయన అడిగింది సబబే. నిబంధన ప్రకారం బరువు బండ్లు ఎడమన పోవాలి. కానీ మన ఎడమ లేన్ లేన్ కాదు, సంత. రాంగ్ రూట్‌లో మోటారు సైకిలు, దాని మీద ముగ్గురు, మూడోవాడి ఒళ్లో గ్యాస్ సిలిండరు. ఎర్ర బుడ్డీ కూడా లేని ట్రాక్టరు. టీ కోసం వరసగా ఆగిన బండ్లు. వాటి మధ్య ఎవరిదో ఎండబోసిన పంట. అందులోకి దిగితే ఏదో ఒకటి తగలడం ఖాయం, తగిలితే టైర్ల లెక్క సిద్ధం. కుడివైపు పోతే తిట్లు మాత్రమే తగులుతాయి.

లారీవాళ్లు మాత్రం ముత్యాలని నేననను. బండి చెడిపోతే నడిరోడ్డు మీద ఆపి, వెనక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెడతారు. ప్రభుత్వం చెప్పిన ఎర్ర త్రికోణానికి ఇది రాయలసీమ అనువాదం. బాగైన తర్వాత బండి వెళ్లిపోతుంది, కొమ్మ ఎండి ఎగిరిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే కాపురముంటాయి. బండలకూ సున్నపురాయికీ పేరుపడ్డ ప్రాంతం కదా, నాలుగు రాళ్లు రోడ్డుకే వదిలేస్తే లోటేముంది? ప్యాపిలి వైపు ఎత్తులో నలభైలో పోయే లారీని నలభై ఒకటిలో పోయే లారీ దాటే వేడుక మరొకటి. పది నిమిషాలు పడుతుంది. వెనక ఇరవై కార్లు భజన చేస్తుంటాయి. పట్ట కప్పని రాతిపిండి లారీ వెనక స్కూటరు మీద పోయేవాడికి పౌడరు ఖర్చు మిగులుతుంది.

టైర్ల లెక్క మాత్రం నాకు మింగుడు పడదు. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర, మదనపల్లె నుంచి అజ్మీర్ పోతున్న టెంపో డివైడర్ దాటి అవతలి దారిలో వస్తున్న లారీకి ఎదురు తగిలింది. 14 మంది పోయారు. ఆ లారీ తన దారిన తాను వస్తోంది.

ఇక అసలు చట్టం సంగతి. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి ప్రాణం తీసి, పోలీసులకు గానీ మెజిస్ట్రేటుకు గానీ చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహిత 106(2)లో రాశారు. పారిపోకుండా నిలబడితే జనం చేతిలో ఏమవుతుందో మాత్రం రాయలేదు. అది తువ్వాలు పెద్దాయన పరిధి. ఈ సెక్షను వద్దంటూ 2024 జనవరిలో డ్రైవర్లు స్టీరింగులు వదిలారు. రెండు రోజులకే హైదరాబాద్ బంకుల ముందు కార్లు బారులు తీరాయి, తిండి డెలివరీ కుర్రాడొకడు గుర్రమెక్కాడు. లారీలకు అసలు రోడ్డెక్కే అర్హత లేదన్నవాళ్లే, లారీలు రోడ్డెక్కలేదని ఆగ్రహించారు. ఆ ఏడాది జులై 1న సంహిత మొత్తం అమల్లోకొచ్చింది, ఆ ఒక్క ఉపసెక్షనుకు మాత్రం హ్యాండ్ బ్రేక్ వేశారు.

డ్రైవర్‌తో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని 1961 నుంచి 2025 దాకా మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది. రోజూ 8 గంటల పనేమో గానీ, ఆ చట్టం ఉన్నన్నాళ్లూ 24 గంటలూ విశ్రాంతి తీసుకుంది. టోల్‌గేటు దగ్గర ఇరుసులు లెక్కబెడతారు, కాటా దగ్గర టన్నులు లెక్కబెడతారు, కంపెనీ గేటు దగ్గర బస్తాలు లెక్కబెడతారు. డ్రైవర్ నిద్రపోయి ఎన్ని గంటలైందో లెక్కబెట్టే బూత్ శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఒక్కటీ లేదు.

ఈమధ్య ఒక దయ మాత్రం జరిగింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. పాత బండ్లకు కాదు. డోన్ మే నెల ఎండలో ఇంజిన్ పక్కన తడి తుండుగుడ్డ కప్పుకుని కూర్చునేవాడు కొత్త లారీ దాకా ఓపిక పట్టాలి. ఈ సంగతి విన్న కారాయన నిజంగానే కంగారు పడ్డాడు. ‘‘ఏసీ వేస్తే నిద్రపోతారండీ, రోడ్డు మీద మా గతేం కావాలి?’’ అని, అద్దాలు ఎత్తుకుని, లోపల 18 డిగ్రీలు పెట్టుకుని, వందకు మించకూడని రోడ్డు మీద నూట ముప్పైలో వెళ్లిపోయాడు.