మూడోది మిస్ కొడుతోంది

చల్లపల్లి సెంటర్లో ఎవరి కారు బానెట్ లేచినా మా మావయ్య టీ గ్లాసుతో సహా అక్కడ వాలిపోతాడు. కారెవరిదని అడగడు. "స్టార్ట్ చెయ్యి" అంటాడు. కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాడిలా కళ్లు మూసుకుని తొడమీద తాళం వేస్తాడు. "ఒకటి, మూడు, నాలుగు, రెండు... మూడోది మిస్ కొడుతోంది!"

అంబాసిడర్లో సిలిండర్లు పేలే వరస అది. పిల్లల పుట్టినరోజులు అత్తయ్య గుర్తు చెయ్యాలిగానీ, డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులని నిద్రలో లేపినా చెబుతాడు.

చిక్కేమిటంటే, ఆయన చెప్పేది చాలాసార్లు నిజమే. అయితే నిరూపించందే వదలడు. వానాకాలం డిస్ట్రిబ్యూటర్ మూతలోకి చెమ్మ చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే పోయే రోగం. తుడవనిస్తేగా! పాయింట్లు మాడాయా, మాడితే కండెన్సర్ పోయిందా, ప్లగ్గుకి మసి పట్టిందా, కాయిల్ నిప్పు నీలంగా వస్తోందా, పసుప్పచ్చగానా... అన్నీ తేలాకే గుడ్డ. ఈలోగా ఆ కారు వెళ్లాల్సిన మోపిదేవి పెళ్లిలో అక్షింతలు పడిపోతాయి.

నిప్పు పరీక్షకి వైరు పట్టుకోవాల్సింది మేనల్లుడు. బ్యాటరీ 12 వోల్టులదే, కానీ పాయింట్లు విడిన క్షణాన కాయిల్ దాన్ని వేల వోల్టులు చేస్తుంది. "రబ్బరు దగ్గర పట్టుకోరా, ఏం కాదు" అనేవాడు. ఆ రబ్బరు పగిలిందన్న సంగతి అందరికంటే ముందు నా మోచేతికి తెలిసేది. నేను ఎగిరి పడితే ఆయన మొహం వెలిగిపోయేది. "కాయిల్ బ్రహ్మాండంగా ఉంది!"

2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారని పేపర్లో చూసి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పటి కార్లలో పాయింట్లూ లేవు, డిస్ట్రిబ్యూటర్ మూతా లేదు. ప్లగ్గుకో కాయిల్. ఆమధ్య మా కారు కుదుపుతుంటే బందరు షెడ్డులో కుర్రాడు స్కానర్ తగిలించి "పి0303" అన్నాడు. మూడో సిలిండర్ మిస్సని అర్థం.

"ఊరు దాటకముందే చెప్పలా? నేను చెబితే నవ్వారు, డబ్బా చెబితే డబ్బులిస్తున్నారు" అని నా మీద ఎగిరాడు మావయ్య.

కుర్రాడు కొత్త కాయిల్ తీశాడు. "ఆగు నాయనా. తప్పు కాయిల్‌దో, ప్లగ్గుదో తేలొద్దూ? మూడోదాని కాయిల్ ఒకటోదానికి వేసి, ఒకటోది ఇక్కడ పెట్టు."

మార్చి చూస్తే స్కానర్ పి0301 చూపించింది. తప్పు కాయిల్‌తోపాటే వెళ్లింది.

"మీకు ఏ కారుందండీ బాబాయిగారూ?" అన్నాడు కుర్రాడు, గౌరవంగా.

మావయ్యకి కారు లేదు, నడపడమూ రాదు. సైకిలుంది. చైను ఊడితే నాకు ఫోన్ చేస్తాడు. అది ఎలక్ట్రికల్ కాదట.