మూడు నెలల మంచం

మా రోజుల్లో తొడ ఎముక విరిగితే మూడు నెలలు మంచం. అందులో బేరాల్లేవు. కలెక్టరాఫీసు హెడ్ గుమాస్తా అయినా, రిక్షా తొక్కేవాడయినా అదే ఇనప మంచం, అదే గిలక, అదే తాడు, తాడు చివర అవే ఇటుకలు. అవును, ఇటుకలే. బరువులకని తెప్పించిన ఇనప రాళ్ళు వచ్చిన నెల్లోనే ఎక్కడికో వెళ్ళిపోయేవి గనక, ఇటుకల్ని తూచి, గోనెగుడ్డలో చుట్టి వేలాడదీసేవాళ్ళం. మోకాలి కింద ఎముకలోకి స్టీలు పిన్ను ఈ వైపు నుంచి ఆ వైపుకి దించి, దానికి తాడు కట్టి, కాలిని బోలర్ స్ప్లింటు అనే చట్రం మీద ఆనించి లాగి ఉంచడం. బరువుతో పాటు మనిషి కూడా కిందికి జారిపోకుండా మంచానికి కాళ్ళవైపు మళ్ళీ ఇటుకలు పెట్టి ఎత్తు చేసేవాళ్ళం. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటుగారు ఒక్క వార్డులో ఇన్ని ఇటుకలేమిటని విస్తుపోతే, మా ప్రొఫెసరుగారు "శాంక్షనయితే వీటితోనే ఇంకో వార్డు కట్టుకోవచ్చండీ" అన్నారు.

నేను డాక్టర్ని కాను. ఎముకల విభాగంలో పిండికట్టు గది, అక్కడ చేరి అక్కడే రిటైరయ్యాను. సర్కారు నా ఉద్యోగానికి ఏ పేరు పెట్టినా జనానికి మాత్రం కట్లాయన్ని.

ఇప్పటి సంగతి చూడండి. ఆదివారం రాత్రి బండి మీంచి పడతాడు, సోమవారం రాడ్డు దిగుతుంది, గురువారం ఇంటికి. శుక్రవారం సోఫాలో కూర్చుని తన ఎక్స్‌రే వాట్సాప్‌లో ఊరందరికీ పంపుతాడు, కింద కండలు తిరిగిన చెయ్యి బొమ్మ ఒకటి. నాకు ఆపరేషన్ మీద కోపం లేదు, ఆ మాట తర్వాత చెబుతాను. నా గొణుగుడు వేరే. రాడ్డు వేసినా, ఇటుకలు వేలాడదీసినా ఎముక అతకడానికి పట్టే కాలం పెద్దగా మారలేదు. ఎదిగిన మనిషికి తొడ ఎముకయితే మూడు నాలుగు నెలలు, మోకాలి కింద పెద్ద ఎముకయితే ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ నెలలు మా రోజుల్లో ఆసుపత్రివి. మనిషి మా కళ్ళెదుట పడుండేవాడు. ఇప్పుడు ఆ నెలలు ఎవరివీ కావు. డాక్టరుగారి పని థియేటర్లో అయిపోయింది, బిల్లు కౌంటర్లో అయిపోయింది. ఎముక పని అప్పుడే మొదలయింది, దాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు లేడు.

పిండికట్టు సంగతి చెప్పాలి, నేను తిన్న తిండి దానిదే గనక. ఇప్పుడు రేకు కవరు చింపితే చుట్ట చేతికొస్తుంది, ముంచి చుట్టేస్తారు. పిల్లలకయితే గులాబీ రంగు, నీలం రంగు ఫైబరు కట్లు, వాటి మీద క్లాసు మొత్తం సంతకాలు. మా చుట్టలు మేమే చేసుకునేవాళ్ళం. గంజి పెట్టిన గాజుగుడ్డని బల్ల మీద బారుగా పరిచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పిండి అరచేత్తో రుద్ది, వదులుగా చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించడం. వానాకాలంలో మూత సరిగ్గా పడలేదా, తెల్లారేసరికి చుట్టలన్నీ గడ్డకట్టి చెత్తకుప్పలోకే. 1850ల మొదట్లో మతైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు గుడ్డకి పొడి పిండి రుద్ది ఈ పని మొదలుపెట్టాడు. నూట పాతికేళ్ళ తర్వాత మా గదిలో జరిగిందీ అదే. పాతబడిన పద్ధతి అంటే నేనొప్పుకోను, పనిచేసే పద్ధతి.

చుట్టని నీళ్ళలో నిలువునా ముంచితే బుడగలొస్తాయి. అవి ఆగేదాకా ఆగాలి. రెండు చివర్లూ మూసిపట్టి మెల్లగా నొక్కాలి, గుడ్డ పిండినట్టు మెలిపెడితే పిండంతా బకెట్లోకే పోతుంది. తడికట్టుని అరచేత్తో పట్టుకోవాలి, వేళ్ళతో కాదు. వేలు నొక్కుకున్న చోట లోపల చర్మం ఒరుసుకుని పుండవుతుంది, కట్టు కింద నుంచి వాసన వస్తేగాని ఆ సంగతి బయటపడదు. గట్టిపడేటప్పుడు కట్టు వేడెక్కుతుంది. "కాలిపోతోంది బాబూ" అని పేషెంటు అరుస్తుంటే కంగారుపడకుండా మాటల్లో పెట్టాలి, ఎందుకంటే అసలు పనంతా ఆ గట్టిపడే కాసిని నిమిషాల్లోనే. విరిగిన చోటికి ఒక వైపు, దానికి పైనా కిందా ఎదురువైపు, మూడుచోట్ల అదిమి పట్టాలి. చూడ్డానికి కట్టు కాస్త వంకరగా ఉంటుంది. లోపల ఎముక తిన్నగా నిలబడేది ఆ వంకర వల్లే. నున్నగా, అందంగా కనిపించే కట్టు చూస్తే మా ప్రొఫెసరుగారికి అనుమానం. విప్పించేసి, "పెళ్ళికి పందిరి వెయ్యమన్నానా?" అనేవారు.

కట్టు వేశాక మర్నాడు పొద్దున్నే వచ్చి చూపించుకోవాలి. రాకపోతే అడ్రసుకి మనిషిని పంపిన రోజులున్నాయి. గోరు నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే ఎర్రబడాలి. వేళ్ళు చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి అన్నాడంటే ఆ క్షణమే కట్టు చీల్చాలి, కింద దూదితో సహా, చర్మం కనిపించేదాకా. రక్తం ఆడకుండా ఆరేడు గంటలు గడిస్తే కండ చచ్చిపోతుంది, వేళ్ళు ముడుచుకుపోయి ఇక తెరుచుకోవు. అందుకే అర్ధరాత్రి నొప్పని తిరిగొచ్చినవాడికి మాత్రలిచ్చి పంపడం మా దగ్గర నేరం. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, "నొప్పి ఉంటుంది సర్, టాబ్లెట్ కంటిన్యూ చేయండి" అంటుంది. ఆమె తప్పేముంది, ఆమె గోరు నొక్కి చూడలేదు కదా.

మా గది ముందు కూర్చున్నవాళ్ళలో చాలామంది నాటుకట్టు విప్పుకుని వచ్చినవాళ్ళే. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడుండడు. తిరుపతి నుంచి మద్రాసు వెళ్ళే దారిలో పుత్తూరు. అక్కడ రాజుల కుటుంబం తరతరాలుగా ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు, నూలుగుడ్డ పెట్టి కట్లు కడుతోంది. డాక్టర్లు వెక్కిరిస్తారు, నేను వెక్కిరించను. పక్కకి తప్పుకోకుండా చోటున ఉన్న ఎముకకి వెదురుబద్ద చేసే పనీ, నా పిండి చేసే పనీ ఒకటే. నా కోపం పుత్తూరు మొహం చూడకుండా రోడ్డు పక్కన పుత్తూరు బోర్డు తగిలించుకున్నవాళ్ళ మీద. పసిపిల్లాడి మోచేతికి బిగించి కట్టి, వేళ్ళు నల్లబడ్డాక పెద్దాసుపత్రికి పొమ్మనేవాళ్ళు. ఎముక పైకి పొడుచుకొచ్చిన గాయం మీద పసరు మెత్తి కట్టిన కట్లు కూడా నేను విప్పాను. ఆ బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి, పక్కనే స్కానింగ్ సెంటరున్న సందుల్లో కూడా. మారాల్సింది మాత్రం మారదు.

వెక్కిరించే కుర్ర డాక్టర్లకి మా ప్రొఫెసరుగారు రౌండ్సులో ఒక కథ చెప్పేవారు. ఎముకల వైద్యంలో పెద్దపేరు హ్యూ ఓవెన్ థామస్ పుట్టింది తరాలుగా కట్లు కట్టుకుని బతికే కుటుంబంలోనే. తండ్రి లివర్‌పూల్‌లో డిగ్రీ లేకుండా కట్లు కట్టి, డాక్టర్లతో తగవులుపడి, కోర్టుకెక్కినవాడు. కొడుకు చదువుకుని డాక్టరయ్యాడు, కాలిని కదలకుండా పట్టి ఉంచడానికి ఒక ఇనప చట్రం చేశాడు. బతికున్నన్నాళ్ళూ తోటివాళ్ళు దాన్ని పెద్దగా లెక్కచెయ్యలేదు. ఆయన 1891లో పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ఆయన భార్యకి మేనల్లుడయిన రాబర్ట్ జోన్స్ ఆ చట్రాన్నే యుద్ధరంగానికి పంపించాడు. తొడ ఎముకకి గుండు తగిలిన సిపాయిల్లో 1916లో నూటికి 80 మంది పోయేవారనీ, చట్రం వాడకంలోకి వచ్చాక ఆ లెక్క 20 లోపుకి దిగిందనీ చెబుతారు. విశ్రాంతి ఇస్తే గట్టిగా ఇవ్వాలి, మధ్యలో ఆపకూడదు, చాలాకాలం ఇవ్వాలి అన్నది థామస్ పట్టు. మా వార్డు గోడకి ఆ చట్రాలు సైజులవారీగా వేలాడేవి. ఇవాళ్టి హౌస్‌సర్జన్‌ని అడగండి, ఆ చట్రానికి తొడ దగ్గరుండే రింగు కొలత ఎక్కడ తీస్తారో. ఫోన్లో వెతుకుతాడు.

అలాగని మంచం మీద మూడు నెలలు వైభోగం అనను. స్పిరిటు రుద్ది పౌడరు వెయ్యడం సిస్టరమ్మల వంతు, వార్డు నిండా జనం ఉంటే ఎన్ని వీపులకని రుద్దుతారు? పుండ్లు పడేవి. తుంటి విరిగిన ముసలమ్మలు ఎముక వల్ల పోలేదు, పడుకోబెట్టడం వల్ల పోయారు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి. సంపాదించేవాడు పడుకుంటే మూడో వారానికల్లా ఇల్లాలి చెవుల్లో కమ్మలుండేవి కావు. ఎనభై ఏళ్ళావిడకి వచ్చిన మర్నాడో మూడోనాడో ఆపరేషన్ చేసి, ఆ మరుసటి రోజే వాకర్ పట్టించి నిలబెడుతున్నారంటే ఆ చేతులకి దణ్ణం పెడతాను. తలుపు చెక్క మీద, రిక్షాలో కాలు వేలాడేసుకుని వచ్చినవాళ్ళని చూశాను గనక 2005లో 108 బండి వచ్చినప్పుడూ, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడూ కూడా గొణగలేదు. పంజాగుట్ట నిమ్స్ ఉందే, అది మొదట నిజాం ట్రస్టు పెట్టిన ఎముకల ఆసుపత్రే. బొక్కల దవాఖాన అంటే హైదరాబాదు ఆటోవాడు తిన్నగా అక్కడికే తీసుకెళ్ళేవాడు. మా దగ్గర కుదరనివాళ్ళని అక్కడికి రాసేవాళ్ళం, తిరుపతిలో దేవస్థానం బర్డ్ ఆసుపత్రి పెట్టాక అక్కడికీ రాసేవాళ్ళం.

రాడ్డయినా కొత్తదేం కాదు. 1939లో జర్మనీలోని కీల్‌లో గెర్హార్డ్ కుంట్షర్ తొడ ఎముక గొట్టంలోకి పైనుంచి ఉక్కు కమ్మీ దించాడు. యుద్ధంలో జర్మన్ల చెర నుంచి తిరిగొచ్చిన సిపాయిల ఎక్స్‌రేల్లో ఆ పొడుగాటి కమ్మీ చూసి అవతలి దేశాల డాక్టర్లు నోళ్ళు వెళ్ళబెట్టారు. మా థియేటర్లోకీ అది కె-నెయిల్ పేరుతో వచ్చింది. సుత్తి చప్పుడు వరండాలోకి వినిపించేది, బయట కూర్చున్న తల్లి దెబ్బదెబ్బకీ చెవులు మూసుకునేది. ఇప్పుడు సి-ఆర్మ్ ఎక్స్‌రే టీవీలో చూస్తూ చిన్న గాటులోంచి దించేస్తున్నారు, రెండు చివర్లా అడ్డంగా స్క్రూలు. బ్రహ్మాండమైన పని.

కానీ ఆ రాడ్డు ఎముకకి బదులు కాదు. ఎముక అతికేదాకా దాని బరువు మోస్తుంది, అంతే. అడుగు వేసినప్పుడల్లా లోహం కొంచెం అలుస్తుంది. అది అలిసి విరిగేలోపు ఎముక అతికితే గెలిచినట్టు. అతకలేదా, ఎంత ఖరీదయిన టైటానియమయినా ఒకరోజు మధ్యలో విరుగుతుంది. సిగరెట్టు తాగేవాడికి ఆలస్యంగా అతుకుతుంది, చక్కెర అదుపులో లేనివాడికీ అంతే. మా సిస్టరమ్మ దిండు కింద నుంచి బీడీకట్టలు లాక్కునేది, చేతిలో చెంబుంటే దాంట్లోనే ముంచేసేది. ఇంట్లో ఎవరు లాక్కుంటారు? డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో ఒక గీత, ఆరు వారాల తర్వాత రమ్మని. ఆ గీత చదివేది మందుల షాపు కుర్రాడొక్కడే.

కొత్తవాటిల్లో నేను మనసారా ఒప్పుకున్నది ఇలిజరోవ్ రింగులు. రాడ్డు విరిగి, చీముపట్టి, మధ్యలో ఎముకే లేకుండా పోయినవాళ్ళ కోసం. సైబీరియాలో కుర్గాన్ అనే మారుమూల ఊళ్ళో గావ్రీల్ ఇలిజరోవ్ 1950ల నుంచి ఈ పని చేస్తుంటే మాస్కో పెద్దలే చాలాకాలం నమ్మలేదు. వలేరీ బ్రూమెల్ అని రష్యా హైజంప్ ఆటగాడు, 2.28 మీటర్ల ప్రపంచ రికార్డు, 1964లో టోక్యో ఒలింపిక్ బంగారం. మరుసటి ఏడే మోటారుసైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా అతకని కాలు కుర్గాన్‌లో అతికింది, మళ్ళీ 2 మీటర్లు దూకాడంటారు. ఆ తర్వాతే పేరు బయటికి పాకింది, ఇటలీ మీదుగా మన దేశానికి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

కాలి చుట్టూ ఉక్కు వలయాలు, వాటికి బిగించి ఎముకలోంచి దూర్చిన సన్నటి తీగలు, వలయాలని కలిపే మరలు. మంచిచోట ఎముకని జాగ్రత్తగా విడదీసి, వారం పదిరోజులు ఆగి, రోజుకి ఒక్క మిల్లీమీటరు చొప్పున దూరం జరుపుతారు. ఆ మిల్లీమీటరూ ఒక్కసారి కాదు, నాలుగు విడతలు, ఆరు గంటలకొక పావు తిప్పు. తొందరపడి ఎక్కువ తిప్పితే ఎముక పుట్టదు, బద్ధకించి తక్కువ తిప్పితే ముందే గట్టిపడి ఇక జరగదు. సరిగ్గా తిప్పితే ఆ ఖాళీలో కొత్త ఎముక తనంతట తాను పుట్టుకొస్తుంది. పుట్టేదాకా ఒక ఎత్తు, గట్టిపడేదాకా ఇంకా రెండింతల కాలం. పదో నంబరు స్పానరు పెళ్ళాం చేతికో తమ్ముడి చేతికో ఇచ్చి, గోడకి కాగితం అంటించి, తిప్పినప్పుడల్లా టిక్కు పెట్టించేవాళ్ళం. అక్షరం రాని తల్లి ఒకావిడ కాగితం వద్దని గోడ మీద పసుపు బొట్లు పెట్టుకుంది. నెలల తరబడి ఒక్క తిప్పు తప్పలేదు. డాక్టరు కూడా ఊరుకోవడానికి లేదు, ఎక్స్‌రే తీసి ఆ కొత్త ఎముక మబ్బుని చూసి తిప్పుడు పెంచాలో తగ్గించాలో చెప్పాలి.

మా పక్కింటి కుర్రాడికి మోకాలి కింద విరిగి రాడ్డు వేశారు. వాళ్ళమ్మ నల్లేరు పచ్చడి, మేకకాళ్ళ సూపు, గుడ్లు, అన్నీ పెడుతోంది, అందులో నాకు తగువు లేదు. ఆరో వారం నాటికి వాడు కర్రలు మూలపెట్టి బండి కిక్కు కొట్టబోతుంటే గేటు దగ్గర పట్టుకున్నాను. "నొప్పి లేదు తాతా, రాడ్డుంది కదా" అన్నాడు. రాడ్డుంది గనకే నొప్పి లేదురా అన్నాను. జేబులో సిగరెట్టు పెట్టె కనిపించింది, అది కూడా తీసుకున్నాను. వాళ్ళ నాన్నని పిలిచి బండి తాళం అడిగితే, పాపం, ఎవరో ఒకరు అడిగారు చాలన్నట్టు వెంటనే ఇచ్చేశాడు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం కర్రలేసుకుని వచ్చి తాళం కోసం బతిమాలుతున్నాడు. ఎక్స్‌రే తీయించి పట్టుకురా, అతుకు కనిపిస్తే ఇస్తానన్నాను. నిన్న ఫోన్ తెరిచి చూపించబోయాడు. ఫోన్లో కాదు, ఫిల్ము తెమ్మన్నాను.