ఇల్లు కట్టి చూడు, ఊరందరి పెళ్లీ చేసి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని భయపెట్టిన పెద్దలు ఇప్పటి సూర్యాపేటను చూసి ఉంటే ఆ సామెత వెనక్కి తీసుకునేవారు. మనిషిని దివాలా తీయించే ఆ రెండు పనులనూ ఒకచోట కలిపి లాభం పిండే కిటుకు ఇక్కడ దొరికింది. ఇల్లు కట్టు. అందులో ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు చేయించు. కూతురి పెళ్లికి అప్పు చేసిన మనిషే నాలుగేళ్లు తిరక్కుండా పక్కవాడి కూతురి పెళ్లికి అడ్వాన్సు పుచ్చుకునే స్థాయికి ఎదిగాడంటే అంతకు మించిన అభివృద్ధి ఏముంటుంది?

దీనికి పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. కొన్ని వందల గజాల జాగా, అందులో ఒక పాత మేడ, కొడుకు డాలస్‌లో, కూతురు కొండాపూర్‌లో ఉంటే చాలు. పైన ముసలివాళ్లిద్దరే. కింది వాటా కిరాయికిస్తే నెలంతా వచ్చేది, ఒక్క ముహూర్తం రాత్రికి వచ్చేదాని ముందు ఏ మూలకు? ఆ లెక్క తేలిన మర్నాడే మధ్యగోడలు పడతాయి. ప్రహరీకి సీరియల్ లైట్లు, వాకిట్లో ప్లాస్టిక్ గడ్డి, గేటుకు అటూ ఇటూ థర్మోకోల్ ఏనుగులు వస్తాయి. మనవరాలి పేరు పెట్టి పక్కన ‘గార్డెన్స్’ అని రాయిస్తారు. ఆ బోర్డు రోడ్డు మీదికి కనబడటం లేదని గేటు పక్కనున్న ఒక్క వేపచెట్టునూ కొట్టేస్తారు.

స్థలబలం కూడా కలిసిరావాలి. వచ్చింది. సూర్యాపేట హైదరాబాదుకూ విజయవాడకూ దాదాపు నడుమ, 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అటు చుట్టాలూ ఇటు చుట్టాలూ సమానంగా విసుక్కుంటూ రాగల ఊరు ఇంకోటి లేదు. కోదాడ 2014 జూన్ 2 నుంచి సరిహద్దు పట్నమైంది. రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే ఆంధ్ర. పిల్ల ఇటు, పిల్లగాడు అటు అయితే వియ్యంకులు రాజీపడే చోటు అదే. మిర్యాలగూడ సంగతి చెప్పనే అక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, ఆ నీళ్లతో వరి, ఆ వరితో మిల్లులు, ఆ మిల్లులతో డబ్బు, ఆ డబ్బుతో వెయ్యి మందికి భోజనాలు. యాసంగి ధాన్యం ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరే రోజులూ వైశాఖ ముహూర్తాలూ ఒక్కసారే వస్తాయి. సన్నవడ్ల ట్రాక్టరు, దాని వెనక బరాత్ గుర్రం, గుర్రం వెనక డీజే బండి, ఆ వెనక ఊపిరాడని ఆర్టీసీ బస్సు. రైతు తన వడ్ల తేమ గురించీ, పెళ్లికొడుకు తన మేకప్ తేమ గురించీ దిగులుపడుతూ పక్కపక్కనే నిలబడతారు.

ఇల్లు కిరాయికివ్వడం రాజులనాటి విద్యేనని వాదించేవాళ్లున్నారు. ఉదయపూర్ మహారాణా 1963లో సరస్సు నడుమనున్న ప్యాలెస్‌ను హోటల్ చేశాడు. మన ఫలక్‌నుమా 2010లో తాజ్ వాళ్ల చేతుల మీదుగా హోటలైంది. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి అక్కడే జరిగింది. రాజులకు తగింది మనకు తగదా? తగుతుంది. ఒక్క చిన్న తేడా. ఉదయపూర్ ప్యాలెస్ చుట్టూ నీళ్లున్నాయి. ఫలక్‌నుమా కొండ మీద 32 ఎకరాల్లో ఉంది, అక్కడ బ్యాండు మోగితే పక్కింటి అద్దాలు అదరవు. ఫలానా కాలనీ మూడో లైనులో ఉన్న గార్డెన్స్ చుట్టూ మాత్రం మనుషులున్నారు.

ఇక కాగితాలు. ఈ వ్యాపారంలో కళాకౌశలమంతా అక్కడే. బోర్డు చూస్తే ఫంక్షన్ హాలు, కాగితం చూస్తే కాపురం. కరెంటు మీటరు గృహావసరాల కేటగిరీలోనే తిరుగుతుంటుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు చార్జీ వసూలు చేయొచ్చు. కానీ రీడింగుకు మనిషి వచ్చేది పగలు. పగలు అది ఇల్లే. ఆస్తిపన్ను ఎవరిది వాళ్లే ప్రకటించుకోవచ్చని 2019 నాటి మున్సిపల్ చట్టం పెద్దమనసుతో చెప్పింది. అబద్ధం చెబితే 25 రెట్లు జరిమానా అని కూడా చెప్పింది. మొదటి మాట అందరికీ గుర్తుంది. హాలు కిరాయి మీద 18 శాతం జీఎస్టీ ఉంది, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. అందుకే ఎన్ని ముహూర్తాలున్న సంవత్సరమైనా వీళ్ల ఆదాయం 19 లక్షల 90 వేల దగ్గర బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది. బిల్లు కావాలంటే ఒక రేటు, అక్కర్లేదంటే ఇంకో రేటు. ఆడపిల్ల తండ్రి ఏనాడైనా బిల్లు అడిగాడా? సర్కారు వారి కల్యాణలక్ష్మి 2014లో 51 వేలతో మొదలై 1,00,116కు పెరిగింది గానీ, చెక్కు చేతికందే నాటికి ఆయన హాలు కిరాయి ఎప్పుడో కట్టేసి ఉంటాడు, వడ్డీకి తెచ్చి.

పొలంలో పెట్టుకుంటే ఇంకా సుఖం. కాలువ పక్కన ఎకరంలో లాన్ వేస్తే 2006 నాటి చట్టం ప్రకారం దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. మార్పిస్తే నిన్నటి రైతుబంధూ రాదు, ఇవాళ్టి రైతు భరోసా కూడా రాదు. కాబట్టి నేల మీద కుర్చీలున్నా పాసుపుస్తకంలో వరే ఉంటుంది. దిగుబడికేం లోటు లేదు. ఎకరానికి ఇరవై పెళ్లిళ్లు.

చీకటి పడ్డాక చట్టం ఇంకాస్త అందంగా ఉంటుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం జనం నివసించే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. మనం ఇంట్లో మామూలుగా మాట్లాడుకునే మాటే అంతకన్నా ఎక్కువ. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు బందు. పండుగలకని అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చినా అది ఏడాదికి 15 రోజులకు మించరాదు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. డీజే కన్నా గట్టిగా చెప్పలేదు కాబట్టి మా వీధి దాకా వినబడలేదు. ఫాల్గుణ ముహూర్తాలు మార్చిలో పడతాయి, ఇంటర్ పరీక్షలూ మార్చిలోనే. పిల్ల కెమిస్ట్రీ పుస్తకం తెరిచే వేళకు గోడవతల ఐటెం సాంగు మొదలవుతుంది. మర్నాడు ఆ పిల్ల పేపర్లో ఏ సమీకరణం రాసిందో, ఏ పల్లవి రాసిందో దిద్దినవాళ్లే చెప్పాలి.

వెళ్లి అడిగితే జవాబు తేనెలో ముంచి ఇస్తారు. “ఆడపిల్ల పెండ్లి గద సార్, ఒక్క రాత్రే. జర సర్దుకోండ్రి.” నిజమే, ఆ ఆడపిల్లకు ఒక్క రాత్రే. పెళ్లివారు మారతారు, వంటవాళ్లు మారతారు, డీజే కుర్రాడు మారతాడు. మారనివాడు సర్దుకునేవాడొక్కడే.

దాని పైన ఇంకో గడుసు వాదం. మన తాతలు వీధికి అడ్డంగా పందిరి వేసి ఐదు రోజుల పెళ్లి చేయలేదా, అప్పుడు లేని నొప్పి ఇప్పుడేమిటని. చేశారు. గుంజలు మా గడప పక్కనే పాతారు. పాతేముందు వచ్చి అడిగారు. పక్కింటి అరుగు మీద మగపెళ్లివారు పడుకున్నారు, ఎదురింటి బావిలో నీళ్లు తోడుకున్నారు, ఆ పై ఇంటి గంగాళం వాడుకున్నారు. వడ్డన మొదలైతే ఇరుగుపొరుగును చేయి పట్టుకుని తీసుకెళ్లి కూచోబెట్టారు. మూడేళ్లకో ఆరేళ్లకో వాళ్లింట్లో పెళ్లయితే వీళ్లు అరుగు ఖాళీ చేశారు. వీధి అప్పు ఇచ్చింది, ఆ అప్పు తీరింది. ఇప్పుడు ప్రతి ముహూర్తానికీ వీధి అప్పు ఇస్తూనే ఉంది, జమ మాత్రం ఒకే ఖాతాలో పడుతోంది. రోడ్డు మాది, మురుక్కాలువ మాది, నిద్ర మాది, కార్లు ఆపేది మా గేటు ముందు. కిరాయి మాత్రం ఆయనది. ఈ గార్డెన్స్‌కు అసలు పెట్టుబడి ఆయన మేడ కాదు, మా వీధి. ఇంతమంది వాటాదారులుండగా డివిడెండు ఒక్కడికే పోయే కంపెనీని ఏ స్టాకు మార్కెట్టూ ఒప్పుకోదు.

డివిడెండు బొత్తిగా రాదనడం అన్యాయం. తెల్లారేసరికి వస్తుంది. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ గ్లాసులూ స్పూన్లూ మురుక్కాలువ నిండా తేలుతుంటాయి. మిగిలిన బగారా అన్నం దగ్గర పందులకూ కుక్కలకూ పంక్తిభేదం ఉండదు. మున్సిపాలిటీ బండి పాట పాడుకుంటూ వచ్చి, మా ఇంటి బకెట్టులో తడి చెత్తా పొడి చెత్తా కలిసిందని మందలించి, హాలు ముందరి గుట్టను మర్యాదగా చుట్టి వెళ్లిపోతుంది.

ఆషాఢం వస్తేనో మూఢం వస్తేనో ఊపిరి పీల్చుకోవచ్చనుకునేరు. శుభం లేకపోతే అశుభం ఉండనే ఉంది. పెద్దకర్మలు, సంస్మరణ సభలు, వాటికి తోడు పుట్టినరోజులు, పార్టీ కార్యకర్తల సమావేశాలు, ఆరు నెలల్లో కోటీశ్వరులను చేసే గొలుసుకట్టు కంపెనీల మీటింగులు. గిరాకీ ఎక్కువున్న రోజైతే పొద్దున పెద్దకర్మ, సాయంత్రం రిసెప్షన్. పోయినాయన ఫొటోకు వేసిన బంతిదండలే ఆ సాయంత్రం స్వాగతద్వారం ఎక్కుతాయి. ఫ్లెక్సీ ఫ్రేము ఒకటే, బొమ్మ మారుతుంది. పొద్దున వచ్చి సంతాపం చెప్పిన చుట్టమే సాయంత్రం కవరు పట్టుకుని మళ్లీ వస్తాడు.

అధికారులేం చేస్తున్నారని మాత్రం అడగకండి. వాళ్లు లోపలే ఉన్నారు, బఫే వరసలో. ఫిర్యాదు పట్టుకుని వెళితే ‘ముందు భోంచేయండి’ అంటారు, వాళ్ల మంచితనం అలాంటిది. ఇక ఒక్క ముహూర్తానికి పాతిక పెళ్లిళ్లు చుట్టే ప్రజాప్రతినిధి ఏ హాలును మూయించగలడు? అక్షింతలు వేసిన చేత్తో నోటీసు ఇవ్వడం ఏ శాస్త్రంలోనూ లేదు. పాపం, నష్టపోయేది ఊరి బయట రెండెకరాలు కొని, పార్కింగు వదిలి, అన్ని అనుమతులూ తెచ్చుకుని, పన్ను కట్టి హాలు నడుపుతున్నవాడు. గల్లీలో గార్డెన్స్ సగం ధరకే దొరుకుతుంటే నిజాయితీకి అంత కిరాయి ఎవరిస్తారు?

నిద్ర, చెత్త, పన్ను, ఇవన్నీ పోతే పోయాయనుకుందాం. శ్రీరంగంలో 2004 జనవరి 23న ఒక కల్యాణ మండపంలో మేడ మీద వేసిన ఆకుల పందిరి అంటుకుంది. వీడియో దీపాల తీగ దగ్గర పుట్టిన నిప్పు. పెళ్లికొడుకుతో సహా 50 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందు 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో, పెళ్లి మండపంలో బడి వార్షికోత్సవం జరుగుతుండగా టెంటుకు మంట తగిలి 400 మందికి పైగా పోయారు. ఎక్కువమంది పిల్లలే. 2023 సెప్టెంబరులో ఇరాక్‌లోని ఖరఖోష్‌లో పెళ్లి హాలు లోపల కాల్చిన బాణసంచా పైకప్పుకు తగిలి వంద మందికి పైగా చనిపోయారు. మన హాళ్లలో వధూవరులు నడిచొస్తుంటే రెండు వైపులా చిమ్మే నిప్పుపూలు ఆ కుటుంబానివే. పైన థర్మోకోల్, పక్కన మెరుపు పరదాలు, కింద ప్లాస్టిక్ గడ్డి, మూడూ కాలే సరుకే. పారిపోవడానికి దారి? అది ఇల్లు కదా, ఒకటే గుమ్మం. వెనక తలుపు ఉంటుంది, దాని అవతల వంటవాళ్ల గ్యాస్ సిలిండర్లుంటాయి.

జనం గుమిగూడే కట్టడం 500 చదరపు మీటర్ల జాగాలో ఉన్నా, ఆరు మీటర్ల ఎత్తు దాటినా అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. జీఎస్టీ దగ్గర పడిన బ్రేకే ఇక్కడా పడుతుంది. కాగితం మీద జాగా 590 గజాల దగ్గర, ఎత్తు ఆరు మీటర్లకు జానెడు కింద ఆగుతాయి. మంటకు ఆ కాగితం చూపించాల్సిన బాధ్యత ఎవరిదో మాత్రం ఎక్కడా రాయలేదు.

సొంతింటిని వ్యాపారం చేసుకోవడం నేరమేమీ కాదు. వ్యాపారమని ఒప్పుకో, మీటరు మార్పించుకో, పన్ను కట్టు, పదింటికి డీజే ఆపు, రెండో దారి తెరిచి ఉంచు. ఇవి చేయలేనంటే బోర్డు దించి కాపురం చేసుకో.

ఈ మాఘానికి హాలు వెతుక్కుంటున్న తల్లిదండ్రులకు ఒక మాట. స్టేజీ వెడల్పు, ఏసీ టన్నులు, సెల్ఫీ పాయింటు అన్నీ చూసుకోండి. అడ్వాన్సు ఇచ్చేముందు వెనక తలుపు తీయించి చూడండి. తాళం వేసి ఉంటే చెవి ఎవరి దగ్గరుందో అడగండి. ఆ క్షణంలో చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంకో హాలు చూసుకోండి.