చెరుకుపల్లి చీటీకి టీకా తాత్పర్యం

మూలం

"తెనాలి వెళ్తే తాలీసపత్రం తే. అసలుది అడుగు. మిగతావి సంచిలో పెట్టాను. అన్నీ కలిపి అక్కడే మర పట్టించు."

అవతారిక

చెరుకుపల్లిలో ఒక నాయనమ్మగారు, తెనాలి బస్సెక్కబోతున్న మనవడి జేబులో పెట్టిన చీటీ ఇది. గ్రంథం చిన్నదే అయినా అనుబంధ చతుష్టయానికి లోటు లేదు. విషయం తాలీసాది చూర్ణం, ప్రయోజనం తాతగారి దగ్గు తగ్గడం, అధికారి మనవడు, సంబంధం బస్సు. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని కావ్య వ్యాఖ్యాత కొలిచాల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనది మెదకు సీమ. మనది డెల్టా, మాట కాస్త పారుతుంది.

టీక

తెనాలి వెళ్తే: ఇది షరతు కాదు, ఆజ్ఞ. నాయనమ్మల వ్యాకరణంలో చేదర్థకం లేదు.

తాలీసపత్రం: బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది. పత్రమంటే ఆకని బడిపిల్లలకీ తెలుసు. ఏ చెట్టు ఆకన్నదే పేచీ. ప్రభుత్వ ఆయుర్వేద ప్రమాణ గ్రంథం 'ఏబీస్ వెబ్బియానా' అంది. అంటే హిమాలయాల్లో సుమారు 3,000 మీటర్ల పైన మంచులో నిలబడే ఫర్ చెట్టు. కుమావూ కొండలను సర్వే చేసిన కెప్టెన్ వెబ్ పేరు దానికి తగిలించారు. తర్వాతి పండితులు ఆ పేరు పక్కన పెట్టి 'స్పెక్టాబిలిస్' అంటున్నారు. కొట్టువాళ్ళకు ఈ సంగతి చేరలేదు, చేరినా ధర మారదు.

దీనికి దాయాదులున్నారు. పడమటి హిమాలయాల్లో కాస్త దిగువన పెరిగేది పిండ్రో: ఆకు పొడవు, లేత కొమ్మ నున్నన. స్పెక్టాబిలిస్ కొమ్మ గాళ్ళలో నూగు ఉంటుంది. తూర్పున సిక్కిం, భూటాన్ వైపుది డెన్సా. పిండ్రో వేరు కాపురమా, వెబ్బియానా ఇంట్లోనే ఒక గదా అని వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం కొట్లాడుకున్నారు. నూగు మీద ఇంత వ్యాజ్యమా అనుకోకండి, గట్టు మీద గడ్డికి కోర్టుకెళ్ళిన మండలం మనది.

పూర్వపక్షం: "బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున సరుగుడు తోటలుండగా హిమాలయాల దాకా ఎందుకు? అదీ సూది ఆకేగా, దానికీ కాయలున్నాయిగా?"

సమాధానం: సరుగుడు సూదిని రెండు గోళ్ళతో పట్టి లాగండి. కణుపు దగ్గర టిక్కున ఊడి వస్తుంది. ఊడినచోట సన్నని పళ్ళ వరుస, ఆరో ఏడో ఎనిమిదో. ఆకులంటే అవీ. మనం ఆకనుకుంటున్నది పచ్చని పుల్ల. ఇది పూలు పూసే చెట్టు, ఫర్‌తో చుట్టరికమే లేదు. వేషం చూసి జాతి నిర్ణయించకూడదనడానికి సూర్యలంక కంటే గొప్ప పాఠశాల లేదు. ఇంటి ముందు నిట్టనిలువుగా పెంచుకుని 'అశోక' అంటున్న చెట్టు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు, ఊళ్ళో మనిషిగా బతకాలి.

మన తికమకకు సిగ్గుపడనక్కర్లేదు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయసే ఫర్‌కు 'పీసియా' అనీ, స్ప్రూస్‌కు 'ఏబీస్' అనీ పేర్లు తారుమారుగా పెట్టాడు. ఫర్ కాయ కొమ్మ మీద నిటారుగా కూర్చుని, పండాక అక్కడే పొలుసులుగా రాలిపోతుంది. స్ప్రూస్ కాయ తలకిందులుగా వేలాడుతుంది. అంత తేడా ఉన్నా మహానుభావుడు తడబడ్డాడు.

అసలుది: కొట్లో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు, "అసలుదేనండీ". ఆ మాట అబద్ధమనలేం. దేశంలో తాలీసాలు చాలా ఉన్నాయి. బెంగాల్ వైపు టాక్సస్ ఆకును తాలీసమంటారు. అది విషపుచెట్టు. అదే జాతి నుంచి క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ వచ్చిందన్నది వేరే కథ. ఉత్తరాన కొన్నిచోట్ల రోడోడెండ్రాన్ ఆకు ఈ పేరుతో చెల్లుతుంది. దక్షిణాదిన కానరేగు కులపు ఆకు కూడా.

కాబట్టి అడగడం వృథా, తిరగేయడం సార్థకం. ఎండుటాకును బోర్లా తిప్పితే నడి ఈనెకు అటూ ఇటూ రెండు తెల్లని చారలు కనబడాలి. నలిపితే జిగురు వాసన రావాలి. టాక్సస్ ఆకులో జిగురు నాళాలే లేవు, తెల్ల చారలూ ఉండవు. రోడోడెండ్రాన్, కానరేగు ఆకులు వెడల్పు, చూడగానే దొరికిపోతాయి.

మిగతావి: ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడి లెక్కన తాలీసం 1 పాలు, మిరియాలు 2, శొంఠి 3, పిప్పళ్ళు 4, వెదురుప్పు 5, ఏలకులూ దాల్చినచెక్కా చెరో అర, పంచదార 32. వెరసి 48. వెదురుప్పు కూడా ఇంట్లో ఉందంటే అది ఇల్లు కాదు, ఔషధాలయం. నలభై ఎనిమిదో వంతు ఆకు పేరే మొత్తం చూర్ణానికి దక్కింది, ముప్ఫైరెండు పాళ్ళు మోసిన పంచదారకు పేరు లేదు. పెళ్ళి శుభలేఖల్లో పెత్తందారు పేరు ముందుండటం మన ఎరుకలోనిదే.

మర పట్టించు: వ్యాఖ్యాతకు గుండె జారే చోటు ఇది. పట్టించాక చార లేదు, నూగు లేదు, కొమ్మ లేదు. వెబ్బియానా, పిండ్రో, డెన్సా ఒకే గోధుమరంగు పొడి. అసలుది అడగమన్న కలమే, అసలు సాక్ష్యాన్ని మరలో వెయ్యమంది. పైగా తెనాలి మరలో మన ముందువాళ్ళు పట్టించినది పసుపో కారమో చెప్పలేం.

తాత్పర్యం

నాయనా, ఆకును కొట్లోనే వెలుతురులో పెట్టి తిరగేసి చూడు, ఆ తర్వాతే మరకు వెళ్ళు. టాక్సస్ అనిపిస్తే తిరిగిచ్చెయ్.

పాఠాంతరం

చీటీ వెనక అదే చేతిరాతతో, "వర్షమొస్తే మానెయ్. మందుల షాపులో డబ్బా కొనుక్కురా" అని ఉంది. ఇది ప్రక్షిప్తమని కొందరు. మనవడు ఈ పాఠాన్నే ప్రమాణంగా తీసుకున్నాడు, ఆ రోజు వాన లేకపోయినా.