‘అన్‌టైటిల్డ్ – 3’కు టీకా తాత్పర్యము

మూలము: ‘అన్‌టైటిల్డ్ – 3. మిక్స్‌డ్ మీడియా ఆన్ కాన్వాస్. 24 × 36 అంగుళములు. నాట్ ఫర్ సేల్.’

అవతారిక: కాళిదాసుని కావ్యములకు సంజీవనీవ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన తెలుగువాడే, మెదకుసీమలోని కొలిచెలమ ఆయన యూరు. మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ఆయన గ్రంథాదిని ప్రతిన పట్టెను. ఆ ప్రతిన పట్టుటకు నాకు ధైర్యము చాలదు. ఏలయనగా ప్రస్తుత మూలమున నున్నది మిక్కిలి తక్కువ, నాకు చెప్పవలసినది మిక్కిలి హెచ్చు. మూలమన్నది, విశాఖపట్టణమున ఒక చిన్న చిత్రశాలలో కొందఱు యువచిత్రకారులు గోడల బాడుగ తలకింతయని పంచుకొని ఏర్పఱచిన ప్రదర్శనమున, ఒక పటము క్రింద నంటించిన అట్టముక్క. ఆ గదిలో సగము పటముల క్రింద ఇట్టి యట్టయే కలదు గనుక ఇది ఒకని దోషము కాదు, సంప్రదాయము. సంప్రదాయమైనదానికి వ్యాఖ్య యుండితీరవలెను.

వ్యాకరణవిశేషము: ‘అన్‌’ అను నుపసర్గము పరదేశీయమైనను మన నఞ్‌నకు జ్ఞాతియే. నఞ్‌నకు పెద్దలు ఆఱు అర్థములు చెప్పిరి: సాదృశ్యము, అభావము, అన్యత్వము, అల్పత్వము, అప్రాశస్త్యము, విరోధము. అభావార్థమున గ్రహించితిమేని పటమునకు పేరు లేదని యర్థము. కాని పేరు లేదనుటనే పేరుగా వ్రాసి తగిలించుట, నేను మూగవాడనని బిగ్గఱగా నఱచుట వంటిది. అల్పార్థమునకు ‘అనుదర’ యను మాట నుదాహరింతురు. ఉదరము లేని కన్య యని కాదు, సన్నని నడుము గలదియని. అట్లే ఈ శీర్షికయు మిక్కిలి సన్ననిదై కంటికి ఆనకున్నదేమో యని కండ్లద్దములు తుడుచుకొని మరల చూచితిని. లేదు. నోట పలుకరాని పేరున్నదేమో యనుటకు పటమున అట్టి దృశ్యమేమియు కానరాదు. అధర్మము ధర్మమునకు శత్రువైనట్లు ఇది పేరునకే శత్రువను విరోధపక్షము నాకు సమ్మతము. హేతువు ముందు తెలియగలదు.

‘3’ = మూడవది. శంక: పేరే లేనిదానికి సంఖ్య యేల? నిర్గుణబ్రహ్మమునకు ఇంటినంబరు వేసినట్లున్నది. మఱియు ఒకటియు రెండును గోడమీద లేవు. సమాధానము: అవి గాజువాకలో చిత్రకారుని మేనమామ యింట మంచము క్రింద నున్నవట, బాడుగ కట్టినది ఒక్క గోడకే.

‘మిక్స్‌డ్ మీడియా’ = రంగును, రంగు కానిదియు. ఇందలి నలుపు దుకాణమున కొన్నది కాదు. పాతనగరపు కిటికీచెక్కలపై పూటపూటకు పేరుకొను నల్లపొడిని గుడ్డతో తుడిచి జిగురున కలిపినది. ఆ పొడియే పురవాసుల ఊపిరితిత్తులలోను ఇదే క్రమమున పేరుకొనుచుండును. అచ్చట దానికి శీర్షిక వైద్యులు పెట్టుదురు.

‘కాన్వాస్’, ‘అంగుళములు’ = స్పష్టము.

నామవిచారము: వాత్స్యాయనుడు కళలను లెక్కించుచు చిత్రలేఖనమునకు ‘ఆలేఖ్యము’ అని ఒక్క మాట వ్రాసి ముందునకు సాగిపోయెను. రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అను ఆఱంగములను పట్టియిచ్చినవాడు జయమంగళావ్యాఖ్యాతయైన యశోధరుడు. కావున వ్యాఖ్యాతల యధికప్రసంగమును నిందింపరాదు. ఆ యాఱింటిలో నామము లేదు గదా యని ప్రతివాది యనవచ్చును. నిజమే, నాటి గోడమీది బొమ్మకు ఎల్లరు నెఱిగిన కథయే పేరు. నేటి బొమ్మకు ఆ యాధారము లేదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు ముప్పదియేండ్లు నిండకయే 1925లో కన్నుమూసినను, ‘సిద్ధార్థ రాగోదయము’ అని తన పటమునకు పేరిడి పోయెను; ఆ పేరు వినినవాడు పటమును సగము చూచినవాడే.

పేరు చేయు పనికి మా విశాఖ రేవే సాక్షి. అది 1933లో తెఱువబడినది. రేవుముఖమున కెరటముల నాపుటకు అడ్డుకట్ట కావలసి రెండు పాత ఓడలను కోరి ముంచివేసిరి. అందొకదాని పేరు జానస్. రోమకుల పురాణములలో జానస్ ద్వారదేవత. ఆయనకు రెండు మొగములు, ఒకటి లోనికి, ఒకటి వెలుపలికి. ద్వారదేవత పేరిటి ఓడ రేవుద్వారముననే మునిగి కావలి కాయుట ఏ శ్లేషకవియు కూర్పజాలని శ్లేష. ఈ సంగతి తెలిసినది మొదలు డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూచినప్పుడెల్ల నాకు నీటి యడుగున రెండు మొగములు తోచును. పేరు లేకున్న నది వట్టి తుక్కినుము. ఉక్కు కర్మాగారమువారును బ్లాస్ట్ ఫర్నేసులకు ఒకటి, రెండు, మూడు అని ఊరకొనక గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు పెట్టుకొనిరి. నిప్పును నదిపేర పిలుచుట విరోధాభాసమని నేనందును. కరగిన యినుము కాలువలై పాఱుట చూచినవారు స్వభావోక్తి యందురు.

చాల దూరము వచ్చితిమి. పటము కలదు గదా! నలుపు; నడుమ ఎఱ్ఱని నోరొకటి; దాని యెదుట వీపు మనవైపునకు త్రిప్పి నిలిచిన యొక మనిషి. మెడమీద చెమట మాత్రము మెఱయుచున్నది. ఎవరని చిత్రకారుని నడిగితిని.

“మా నాన్నండి. కృష్ణ మీద చేస్తారు.”

భక్తియనుకొంటిని; పిదప కొలిమి స్ఫురించినది.

“మఱి పేరు పెట్టలేదేమి బాబూ?”

“ఇంట్లో ‘కృష్ణ ముందర నాన్న’ అంటామండి. అలా రాస్తే మరీ లోకల్‌గా ఉంటుందని మా సార్ వద్దన్నారు. పేరు పెడితే చూసేవాళ్ల ఊహ పోతుందంట.”

ఊహ పోవునట! అట్టముక్క యెదుట పావుగంట నిలిచినను కదలని నా యూహ, ఆ మూడు మాటలు చెవిని బడగానే ఉక్కునగరము దాక పరుగెత్తినది. ఎవరో పెద్దలు చెప్పినదానిని ఈ బిడ్డ నమ్మెను. తన యింటి మాట తన గోడమీద చెల్లదని నమ్మించుట చదువా? దీనిని నేను హాస్యముగా చెప్పజాలకున్నాను.

‘నాట్ ఫర్ సేల్’ = అమ్ముడుపోనిదానికి గౌరవవాచకమని సామాన్యార్థము. ఇచ్చట మాత్రము యథార్థమే. అమ్ముటకు అమ్మ ఒప్పుకొనలేదట.

పరిశిష్టము: ఆహ్వానపత్రికలో ముఖ్య అతిథి పేరునకు ముందు మూడు పంక్తులు, వెనుక రెండు పంక్తులు బిరుదములు అచ్చుపడినవి. శీర్షికలు ఊహకు అడ్డమను సిద్ధాంతము అతిథులకు వర్తింపదు కాబోలు. ఆ మహనీయుడు 11 గంటలకు రావలసి, ఒంటిగంటన్నరకు వచ్చెను. రిబ్బను కత్తిరింపనిదే ఎవరును లోనికి పోరాదు. చిత్రకారుని తండ్రి ఇస్త్రీచొక్కా తొడిగికొని పదింటికే వచ్చి, గుమ్మమున నిలిచి నిలిచి, పండ్రెండున్నర బస్సునకు వెడలిపోయెను. చిత్రశాల తెఱచియుంచు వేళలు తక్కిన దినములలో సాయంకాలము 4 మొదలు 8 వఱకు. ఆ వారమంతయు ఆయనకు బీ షిఫ్టు.