పావంగుళం సందు

అమెరికాలో సొంతంగా విమానం కట్టుకోవడానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. పనిలో సగానికి మించి మనమే చెయ్యాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో అయ్యుండాలి. దీన్ని ఇక్కడ 51 శాతం రూలంటారు. మిగతా 49 శాతం ఎవరు చేస్తారని మా మామగారు ఫోన్లో అడిగారు. పెట్టెల్లో వస్తుందండీ, కిట్ అంటారు అన్నాను. "ఆ 49తోనే ఎగరదా?" అన్నారాయన. నేర్చుకోవడమన్న మాట చట్టంలోనే ఉంది గనక, నడివయసులో అర్ధరాత్రి దాకా గరాజులో రివెట్లు కొట్టే మనిషిని "ఇదేం చదువు?" అని నిలదీసే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. నిలదీస్తారు, అది వేరే సంగతి.

మేముండేది ఒరెగాన్‌లోని హిల్స్‌బరోలో. చిప్పులు తయారుచేసే ఊరు కాబట్టి తెలుగువాళ్లకి కొదవలేదు, మబ్బుకి అసలే లేదు. ఇక్కణ్ణించి దక్షిణంగా వెళ్తే అరోరా అని చిన్న ఊరుంది. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఇంజనీరు మొదలుపెట్టిన ఆర్‌వీ విమానాల కిట్లు అక్కణ్ణించే వస్తాయి. గరాజుల్లోంచి బయటికొచ్చి ఆకాశమెక్కిన ఆర్‌వీలు ఇప్పటికి 11,000 దాటాయి. నా కిట్ ఏ కంపెనీదో మాత్రం చెప్పను. చెప్తే ఇక ముందు రాయబోయేదంతా వాళ్లని అన్నట్టవుతుంది.

ఎందుకంటే కిట్‌తో వచ్చిన మాన్యువల్ మహా గ్రంథం. రివెట్టు రేకు అంచుకి ఎంత దూరంలో ఉండాలి (రివెట్టు వ్యాసానికి కనీసం రెండింతలు), కొట్టాక ఎంత అణగాలి, ఏ బోల్టుని ఎంత బలంతో బిగించాలి, అన్నీ అందులో ఉన్నాయి. పైలట్ నెత్తి మీద మూసుకునే పారదర్శకపు గుల్ల, కానోపీ దగ్గరికొచ్చాక కూడా దాన్ని ఎలా కొయ్యాలో పేజీలకి పేజీలు రాశారు. అది గాజు కాదు, ఆక్రిలిక్. చలిలో కోస్తే పగులుతుంది. అందుకే ఇక్కడ కట్టేవాళ్లంతా ఆ కోతకి మండు వేసవి దాకా ఆగుతారు. కోసిన తర్వాత కానోపీకీ విమానానికీ మధ్య మిగిలే సందు సంగతి? దానికి తగిన రబ్బరేదో తగిన చోట మీరే చూసుకోండి అన్న అర్థం వచ్చే ఒక వాక్యం. ఇంజనుకి వందల పేజీలిచ్చిన మనుషులు రబ్బరు దగ్గర వేదాంతులైపోయారు.

రబ్బరనగానే కొట్టుకెళ్లి నాలుగు గజాలు తెచ్చుకోవచ్చనుకునేవాళ్లు ఒక్కసారి అమెరికన్ పారిశ్రామిక కాటలాగ్ తెరిచి చూడండి. డి ఆకారం, పి ఆకారం, లోపల బోలు, లోపల స్పాంజి, తోకున్నవి, లేనివి. నియోప్రీన్, సిలికాన్, ఈపీడీఎం. ఎండకీ ఓజోన్‌కీ ఈపీడీఎం బాగా తట్టుకుంటుంది, పెట్రోలు పడితే మాత్రం ఉబ్బుతుంది. నెట్టి మూసే నా కానోపీకి సందులు మూడు రకాలు. ముందు అద్దానికి ఆనుకునే చోట రబ్బరు నలగాలి. పక్క పట్టాల మీద రాసుకుంటూ జారాలి. వెనక, స్కర్ట్ అనే పల్చటి రేకు విమానం వీపు మీదికొచ్చే చోట, రబ్బరుందో లేదో తెలియకుండా ఉండాలి.

మొదట సందు కొలవాలి. కానోపీ మూస్తే గానీ సందు ఏర్పడదు, మూశాక కొలబద్ద దూరదు. దీనికి మందు పిల్లలాడుకునే ప్లే-డో. చిన్న ఉండలు చేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, అంచు పొడుగునా పెట్టి, కానోపీ మూసి తెరిచి, అణిగిన ఉండల మందం కొలవాలి. మా పాప దగ్గర గులాబీ రంగు ముద్ద అప్పు తీసుకున్నాను. మధ్యలో అంగుళంలో ఎనిమిదో వంతు, మూలల్లో పావు. ఒకే రబ్బరు రెండు చోట్లా పనిచెయ్యాలి. మూలల కోసం మందంది వేస్తే మధ్యలో కానోపీ మూతపడదు. బలవంతంగా మూస్తే ఆక్రిలిక్ మీద ఒత్తిడి పడుతుంది, అది ఏదో ఒక రాత్రి ఎవరూ ముట్టుకోకుండానే టప్పున పగులుతుంది. నెలల తరబడి దాన్ని అరగదీసిన మనిషి ఆ చప్పుడు కలలో విన్నా లేచి కూర్చుంటాడు.

ఇక జిగురు. రెండు వైపులా పూసి, కొంచెం ఆరనిచ్చి, అప్పుడు అతికించాలి. తప్పు చోట అంటుకుంటే జన్మలో ఊడదు. సరైన చోట అంటుకుంటే సాయంత్రానికి ఊడుతుంది. అంటించే ముందు అంచు శుభ్రం చెయ్యాలి, కానీ ఎసిటోన్ తగిలితే ఆక్రిలిక్ మీద సన్నటి పగుళ్లు గూడు కడతాయి. అమోనియా కలిసిన నీలం రంగు అద్దాల క్లీనరూ పనికిరాదు. కాబట్టి గరాజు గుమ్మం దగ్గర మా ఆవిడ చేతిలో గోళ్ల రంగు చెరిపే సీసా కనబడ్డప్పుడు నేను కొంచెం గట్టిగా అరిచిన మాట నిజం. ఆవిడ ఆ సీసాని చూసి, నన్ను చూసి, "ఇంట్లో నాకు ఎక్కడెక్కడ తిరగొచ్చో ఒక మ్యాప్ గీసివ్వండి" అంది.

అప్పటికి నాన్న వచ్చున్నాడు. ఆర్టీసీ డిపోలో బాడీ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. బస్సు ముందద్దానికి రబ్బరు బీడింగ్ వెయ్యడంలో ఆయనకి పేరుంది. బీడింగ్ గాడిలో తాడు చుట్టి, సబ్బునీళ్లు రాసి, బయట ఒకరు అద్దాన్ని నొక్కుతుంటే లోపల ఒకరు తాడు లాగుతూ వస్తారు. తాడు వెంట రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఇందులో జిగురు చుక్క ఉండదు. నా జిగురు డబ్బా చూసి నాన్న మొహం అదోలా పెట్టాడు.

"అంటించేది బీడింగేంట్రా? గాడేదీ?"

"గాడి లేదు నాన్నా. గాడి పెట్టాలంటే రేకు మందంగా ఉండాలి. బరువు పెరుగుతుంది."

"బరువు పెరిగితే ఒక ప్యాసింజర్ని తగ్గించుకో."

"ఉన్నవి రెండే సీట్లు."

"అయితే నువ్వొక్కడివే వెళ్లు. అమ్మాయి ఇంట్లో ఉంటుంది" అన్నాడు. అమ్మాయి అంటే కోడలు. "మామయ్యగారు చెప్పింది సబబుగా ఉంది" అని వంటింట్లోంచి వినబడింది.

పద్ధతి మీద గౌరవం లేకపోయినా పరీక్ష దగ్గర నాన్న నిలబడ్డాడు. కానోపీ మూసి, వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి కాక్‌పిట్‌లోకి పెట్టి, అంచుల మీద సబ్బునీళ్లు చల్లాం. కారే చోట బుడగలొస్తాయి. బుడగలు నాన్న కంటికి ఆనలేదు. దేవుడి గూట్లోంచి అగరబత్తి తెచ్చి వెలిగించి అంచు చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. ట్యాంకుల్లో ఇంకా పెట్రోలు పోయలేదు కాబట్టి ఊరుకున్నాను. నిజానికి సన్నటి గాలిని పట్టివ్వడంలో అగరబత్తి పొగని మించింది లేదు. కుక్కని తిప్పుతున్న పక్కింటాయన ఆగి, కుక్కని కూడా ఆపి, పూర్తయ్యేదాకా మర్యాదగా చూశాడు. పొగ ఎక్కడా చెదరలేదు. బుడగ లేదు. నేల మీద నా కానోపీ కుండ.

నేల మీద.

తనిఖీ అయింది. తలుపు దగ్గర ఎక్స్‌పెరిమెంటల్ అని కనీసం 2 అంగుళాల ఎత్తు అక్షరాలతో రాయించుకోవాలి, రాయించాను. లోపల ప్యాసింజర్‌కి కనబడేలా ఇంకో హెచ్చరిక కూడా ఉండాలి: ఇది ఔత్సాహికుడు కట్టినది, మామూలు విమానాల భద్రతా నియమాలకి లోబడింది కాదు అని. మొదటి 40 గంటలు, ఇంజనూ ప్రొపెల్లరూ ఆమోదం పొందిన జత అయితే 25 గంటలు, ఎవరినీ సరదాకి ఎక్కించుకోకూడదు. ప్రభుత్వం పెట్టిన నియమాలన్నిటిలో మా ఆవిడకి నచ్చింది ఇదొక్కటే.

గాల్లోకి లేచాక గంటకు 120 మైళ్ల దాకా అంతా బాగుంది. ఆ తర్వాత ఎడమ చెవి పక్కన ఎవరో సన్నగా ఈల వెయ్యడం మొదలుపెట్టారు. వేగం పెంచితే పై స్థాయికెళ్లారు. 170 దగ్గర ఇంకొకరు తోడయ్యారు, ఇద్దరికీ శ్రుతి కుదరలేదు.

కారణం తర్వాత తెలిసింది, అదీ ఈ కళలోని అసలు కిరాతకం. ఉబ్బెత్తు కానోపీ మీదుగా గాలి వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి పడిపోతుంది. అంటే గాలి కానోపీని నొక్కదు, పైకి లాగుతుంది. గంటకు 200 మైళ్ల దగ్గర, సముద్ర మట్టంలో, ఎదురుగాలి ఒత్తిడి చదరపు అడుగుకు 100 పౌండ్ల పైమాటే. అందులో కొంత పైకి లాగే బలంగా మారినా చాలు, కానోపీ అంచులు కాస్త లేస్తాయి, వెనక స్కర్ట్ విచ్చుకుంటుంది. నేను ప్లే-డోతో కొలిచిన సందు గాల్లో ఉండదు. గాల్లో ఉండే సందుని కొలవడానికి చెయ్యి బయట పెట్టలేం. మనిషి తానెప్పుడూ చూడని ఆకారానికి రబ్బరు అంటించాలన్నమాట. మాన్యువల్ రాసినవాళ్లకి ఇది తెలుసు. అందుకే ఒక్క వాక్యంతో తప్పుకున్నారు. ఇప్పుడు వాళ్ల మీద నాకు కోపం లేదు, అసూయే.

జులైలో ఆష్‌కాష్ వెళ్లాను. సొంత విమానాల వాళ్ల సంఘం ఈఏఏ 1953లో పాల్ పొబెరెజ్నీ పెట్టింది, దాని తిరనాళ్లు 1970 నుంచి విస్కాన్సిన్‌లోని ఆ ఊళ్లోనే జరుగుతున్నాయి. వేల విమానాలు దిగుతాయి. జనమంతా తలెత్తి ఆకాశంలో విన్యాసాలు చూస్తుంటే నేను వంగి పార్కింగులో ఉన్న కానోపీల అంచులు చూస్తూ తిరిగాను. యజమానులు కుర్చీల్లోంచి లేచొచ్చి మరీ చెప్పారు. ఒకాయన ఇంటి తలుపులకి వేసే నురగ టేపు వేశాడు, ఏటా పీకి కొత్తది వేస్తాడట. ఇంకొకాయన ఒక అంచున సిలికాన్ పిండి, రెండో అంచుకి ప్లాస్టిక్ పొర కప్పి, కానోపీ మూసి రాత్రంతా వదిలేశాడు. తెల్లారేసరికి ఆ సందు ఆకారంలోనే రబ్బరు తయారు. తెలివైన పనే, కానీ పులిసిన వెనిగర్ వాసనొచ్చే రకం సిలికాన్ అల్యూమినియాన్ని తినేస్తుంది, ఏ రకమైనా దాని జిడ్డు తగిలిన చోట రంగు అంటుకోదు. మరొకరిది ట్యూబు: చిన్న పంపు నొక్కితే కానోపీ చుట్టూ రబ్బరు గొట్టం ఉబ్బి బిగుసుకుంటుంది. యుద్ధ విమానాల్లో ఉండే ఏర్పాటే, వినసొంపుగా ఉంది, పంపు పాడైతే ఏం చేస్తావని నేనడగలేదు. వరస చివర్లో ఒక ముసలాయన విమానానికి రబ్బరన్నదే లేదు. చలెయ్యదా అంటే సీటు వెనకున్న దళసరి కోటు చూపించాడు. ఆ వరసలో అందరికంటే ఎక్కువ ఎగిరేది ఆయనేనని పక్కవాళ్లు చెప్పారు. నాకు నమ్మకం కలిగింది. కోటు కొనుక్కునే ధైర్యం మాత్రం కలగలేదు.

పరీక్ష గంటలు ముగిశాక ఆ చలికాలం మా ఆవిణ్ణి ఎక్కించుకుని కాస్కేడ్ పర్వతాల మీదుగా బెండ్ వెళ్లాను. ఎత్తు 9,500 అడుగులు. వెయ్యి అడుగులకి 2 డిగ్రీల చొప్పున తగ్గుతుంది కదా, కింద 5 ఉంటే అక్కడ మైనస్ 14. నేను దారిపొడుగునా ఈల ఎక్కణ్ణించో చెవి పెట్టి వెతుకుతూ, కానోపీ అంచుని వేలితో నొక్కుతూ ఉన్నాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని హెడ్‌సెట్‌లో అంది:

"ఏమండీ, చలి నా వీపుకేస్తోంది. మీరు నెత్తి మీద నొక్కుతారేంటి?"

దిగాక పాప దగ్గర ఉన్ని దారం అడిగి, ముక్కలు కోసి, టేపుతో కాక్‌పిట్ నిండా అంటించాను. తర్వాతి ప్రయాణంలో కానోపీ అంచున ఉన్న దారాలన్నీ సందులోకి, అంటే బయటికి లాగబడ్డాయి. సీట్ల వెనకున్న దారాలు మా వీపుల వైపు తిరిగి రెపరెపలాడాయి. మీద ఒత్తిడి తక్కువ కాబట్టి కానోపీ గాలిని బయటికి పీలుస్తోంది. పోయిన గాలి స్థానంలోకి తోక బోలులోంచి, ఫ్లాపులనీ రెక్కల చివరి పలకలనీ కదిపే కడ్డీలు దూరే రంధ్రాల్లోంచి, మైనస్ 14 గాలి లోపలికొస్తోంది. దొడ్డిగుమ్మం బార్లా తెరిచిపెట్టి వీధి తలుపుకి తాళాలు మార్చుకుంటున్నాం మేము.

సామాన్ల అర వెనక అడ్డుగోడ మూశాం. కడ్డీల రంధ్రాలకి గుడ్డ తొడుగులు కుట్టింది మా ఆవిడే, కదలికకి ఎక్కడా పట్టకుండా వదులుగా. కంట్రోళ్లు బిగుసుకోవడం కంటే చలి నయమని ఆవిడే చెప్పి రెండంగుళాల గుడ్డ ఎక్కువ వదిలింది. లోపలికొచ్చే దారి తగ్గేసరికి బయటికి పోయే గాలీ తగ్గింది, ఈలల్లో ఒకటి ఆగింది. హీటరు వేడి మొదటిసారి పాదాల దాకా వచ్చింది. ఇక్కడొక్క మాట నవ్వులాటకి కాదు: లోపలికి పీల్చే కాక్‌పిట్ చలిగాలినే కాదు, సందు దొరికితే ఇంజను పొగనీ పీలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. డిటెక్టర్ లేకుండా ఎక్కొద్దు, రబ్బరు ఎంత బాగా వేసినా సరే.

రెండో ఈల ఎడమ మూలది. బోలు డి రబ్బరు మూల తిరిగే చోట నలిగి మడతపడుతోంది. అక్కడ లోపల సన్నటి సిలికాన్ గొట్టం దూర్చమని నాన్న ఫోన్లో చెప్పాడు. మడత పడదట, డిపోలో అలాగే చేసేవాళ్లట. పనిచేసింది. "గాడుంటే ఈ గొడవే లేదు" అని మాత్రం చేర్చాడు.

చుట్టలో ఇంకా చాలా రబ్బరు మిగిలింది. అది చూసి మా ఆవిడ, మన ఇంటి వెనక తలుపు కింద నాలుగు చలికాలాలుగా చుట్టిన తువ్వాలు పెట్టి ఉంది, తమరు గమనించారో లేదో అంది. గమనించాను. కానీ అది జారే తలుపు, డి రబ్బరు పనికిరాదు, బ్రష్ రకం తెప్పించాలి. పైగా గాలొచ్చేది ఆ తలుపు కిందనుంచేనని నమ్మకమేంటి? శనివారం ప్లే-డో పెట్టి కొలుస్తాను. గులాబీ ముద్ద ఎండిపోయిందని పాప అంటోంది, నీలం రంగుది మాత్రం ఇవ్వనంటోంది.