స్థాపితం: ద్వాపరయుగం

పొలాల అమావాస్య నాడు కందకుర్తి పోయాం. గోదావరి నిండుగా ఉంది. ఎండాకాలం ఇసుకలో నడిచిపోయి దండం పెట్టుకునే పాత రాతి శివాలయం నీళ్లలో మునిగి ఉంది. ఒడ్డుకు ఒక పక్క మనుషుల స్నానాలు, ఇంకో పక్క ఎడ్ల స్నానాలు. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, వీపు మీద ఝూలు. ఇన్ని ఎడ్ల మధ్య నా కన్ను పడింది మాత్రం మా మేనల్లుడి టీషర్టు మీది ఎద్దు మీద.

కొమ్ములు వంచి ఎవరినో కుమ్మబోతున్న ఎద్దు. రంగు వెలిసిపోయింది. బొమ్మ అంచులు పెచ్చులూడినట్టున్నాయి. కింద ఇంగ్లీషులో "స్థాపితం 2008" అని. పండుగ పూట పిల్లగాడికి కొత్త బట్టలు కూడా కొనలేదా అని మా అక్క మీద కోపమొచ్చింది.

"కొత్తదే మామా. పోయిన వారమే తెప్పించిన. డెక్కన్ చార్జర్స్ వింటేజ్ లోగో."

"మరి గిట్ల వెలిసిందేంది?"

"వెలిసినట్టే తయారు చేస్తరు మామా. దానికే పైసలు."

మా అమ్మ బతికుంటే ఆ టీషర్టును అదే రోజు బొంతలో కలిపి కుట్టేసేది. బట్ట కొత్తగా ఉండాలని మనం పైసలు కట్టే రోజులు పోయాయి, పాతగా ఉండాలని కట్టే రోజులొచ్చాయి. సరే, పాతదంటే ఎంత పాతది? 2008. మా ఇంట్లో అంతకంటే ముందు కొన్న ప్రెషర్ కుక్కర్ ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ వింటేజ్ అనలేదు. రబ్బరు మార్చమన్నారు.

ముందు ఆ ఎద్దు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో చార్జర్ అంటే యుద్ధంలో సైనికుడు స్వారీ చేసే గుర్రం. మన హైదరాబాద్ ఐపీఎల్ క్రికెట్ జట్టువాళ్లు పేరు గుర్రానిది పెట్టి బొమ్మ ఎద్దుది వేశారు. ఆ రోజుల్లో మా బోధన్ బస్టాండులో చార్జర్స్ అంటే సెల్‌ఫోన్ దుకాణమే గుర్తొచ్చేది కాబట్టి ఈ పొరపాటు ఎవరికీ పట్టలేదు. పైగా అది బండి లాగిన ఎద్దు కాదు. చెరుకు బళ్లు శక్కర్ నగర్ ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కట్టిన రోజుల్లో, తన వంతు వచ్చేదాకా కాడి కింద నిలబడి నెమరేసుకున్న ఎడ్లు ఈ తాలూకాలో వేలకు వేలు. వాటిలో ఒక్కటి కూడా ఏ లోగోలోకీ ఎక్కలేదు. కుమ్మే ఎద్దుకున్న మార్కెట్టు లాగే ఎద్దుకు లేదు.

ఈ వింటేజ్ జట్టు చరిత్ర ఎంతని మా వాణ్ణి అడిగాను. అరగంట చెప్తాడనుకున్నాను, రెండు నిమిషాల్లో అయిపోయింది. 2008లో ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. 2009లో మన దగ్గర ఎన్నికలని పోటీలను దక్షిణాఫ్రికాకు తీసుకుపోతే, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు కొట్టారు. ఒప్పుకోవాల్సిందే, ఆ రాత్రి నేనూ విజిలేశాను. తర్వాత యజమాని కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, 2012 సెప్టెంబరులో బోర్డు జట్టునే రద్దు చేసింది. మొత్తం ఐదు సీజన్లు. మా వైపు చెరుకు నాటితే మొక్క తోట ఒక ఏడు, తర్వాత అదే మోడు నుంచి మొలిచే కార్శి రెండేళ్లు. అంటే ఆ జట్టు ఒకసారి నాటిన చెరుకు గడ్డ కంటే రెండేళ్లు ఎక్కువ బతికింది. దీనికి వారసత్వం అని పేరు.

2012లోనే కొత్త జట్టు కోసం వేలం పెడితే సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్లకు పాడుకున్నారు. ఎద్దు పోయి సూర్యుడొచ్చాడు. సన్‌రైజర్స్ 2016లో మళ్లీ ఆ బెంగళూరునే ఓడించి కప్పు తెచ్చారు. ఇక్కడే అసలు తగాదా. హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పులు ఎన్ని? రికార్డుల ప్రకారం సన్‌రైజర్స్‌కు ఒకటే. మా మేనల్లుడి లెక్కలో రెండు. వాడి దోస్తు లెక్కలో ఒకటిన్నర, ఆ సగం ఎట్లా వచ్చిందో అడిగితే చెప్పడు. నిజామాబాద్ హోటళ్లలో ఈ పంచాయితీ మీద ఎన్ని చాయ్‌లు చల్లారాయో!

నాకు మాత్రం ఇది క్రికెట్ సమస్యలా కనపడదు, పక్కా రెవెన్యూ సమస్య. పాత పట్టాదారు పోయాడు. వచ్చినవాడు కొడుకూ కాదు, కౌలుదారూ కాదు, వేలంలో కొన్నవాడు. భూమి మాత్రం అదే, ఉప్పల్ స్టేడియం. మరి 2009లో పండిన పంట ఎవరి ఖాతాలో రాయాలి? అభిమానుల దగ్గరున్నది సాదాబైనామా, తెల్ల కాగితం మీది హక్కు. మనసులో చెల్లుతుంది, ఆఫీసులో చెల్లదు. దానికి భూరికార్డుల ధరణి పోర్టల్‌లో మ్యుటేషన్, అంటే పేరు మార్పు, కావాలి, ధరణేమో చరిత్రలో కలిసి భూభారతి అయింది. పాత యజమాని మాత్రం తన దారిలో పోయాడు. రద్దు అన్యాయమని కేసు వేస్తే 2020లో మధ్యవర్తి 4,800 కోట్లకు పైగా కట్టమన్నాడు, మరుసటేడు బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ లెక్కకు మేం చేతుల వేళ్లు చాలక కాళ్లవి కూడా పట్టుకున్నాం.

అమెరికావాళ్లు ఈ మ్యుటేషన్ విద్యలో మనకంటే ముందున్నారు. 1988లో షార్లట్‌లో మొదలైన హార్నెట్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు 2002లో న్యూ ఓర్లీన్స్‌కు వలసపోయింది. షార్లట్‌లో 2004లో బాబ్‌క్యాట్స్ అని ఇంకోటి పెట్టారు. న్యూ ఓర్లీన్స్ వాళ్లు హార్నెట్స్ పేరు వద్దనుకున్నాక, 2014లో బాబ్‌క్యాట్స్ ఆ పేరు తీసుకుంటూ దాంతోపాటు 1988 నుంచి 2002 దాకా ఉన్న చరిత్రను కూడా తమ పేర రాయించుకున్నారు. ఆటగాళ్లు ఒక ఊళ్లో, వాళ్లు వేసిన బుట్టలు ఇంకో ఊరి ఖాతాలో. చరిత్ర అంటే జరిగింది అనుకునేవాణ్ణి ఇన్నాళ్లు, రిజిస్టర్ అయ్యేది అని అప్పుడు తెలిసింది. బాల్టిమోర్ కోల్ట్స్ ఇంకా నయం. 1984 మార్చిలో రాత్రికి రాత్రి లారీల్లో సామాను వేసుకుని ఇండియానాపొలిస్ పోయారు, గుర్రపు నాడా లోగోతో సహా. కోల్ట్ అంటే గుర్రప్పిల్ల, కనీసం వాళ్ల పేరుకూ బొమ్మకూ పొత్తు కుదిరింది.

మనమేం తక్కువ తినలేదు. 2019లో పూణే ఫుట్‌బాల్ జట్టు మూతపడితే దాని చోట హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పుట్టగానే లోగోలో చార్మినార్, కోహినూర్. నాలుగు వందల ఏళ్ల కట్టడం, గోల్కొండ వజ్రం, నిన్నటి కంపెనీ. మూడేళ్లలో, 2022 మార్చిలో, గోవాలో పెనాల్టీల మీద కేరళను ఓడించి లీగ్ కప్పు గెలిచారు. గోలీ కట్టిమణి ఆ రోజు గోడలా నిలబడ్డాడు, ఆ గెలుపును ఎగతాళి చేయను. కానీ 2025లో ఆ జట్టు మూటా ముల్లే సర్దుకుని ఢిల్లీ పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కోహినూర్ కూడా గోల్కొండ నుంచి ముందు ఢిల్లీకే పోయిందని కదా చెప్తారు. లోగో గీసినవాడికి భవిష్యత్తు తెలిసినట్టుంది. చార్మినార్ ఒక్కటే ఎటూ పోలేక ఇక్కడ మిగిలింది.

ఇట్లాంటి వింటేజ్ సరుకు హైదరాబాద్‌లో గోదాముల కొద్దీ ఉంది. హాకీలో సుల్తాన్స్, 2005లో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ గెలిచారు, మూడేళ్లకు ఆ లీగే లేదు. బోర్డు కన్నెర్రజేసిన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో హీరోస్. బ్యాడ్మింటన్‌లో 2013లో సైనా ఆడి గెలిపించిన హాట్‌షాట్స్, వాళ్లు పోయాక హంటర్స్. సుల్తానులు, వీరులు, వేటగాళ్లు! కుతుబ్‌షాహీలు కూడా ఇంత వేగంగా మారలేదు.

అసలు పాత జట్టు ఒకటుంది. దాని సంగతి వచ్చేసరికే నాకు నవ్వు ఆగిపోతుంది.

హైదరాబాద్ సిటీ పోలీస్. ఫుట్‌బాల్. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు. ఒకటి కాదు, ఒకటిన్నర కాదు, ఐదు. పైన డ్యూరాండ్ కప్పులు నాలుగు. 1950లో ఆ రెండూ ఒకే ఏడు. కలకత్తా క్లబ్బులంటే దేశం వణికే రోజుల్లో ఈ కానిస్టేబుళ్లు వాళ్లకు చెమటలు పట్టించారు. వాళ్లకు ఆట నేర్పింది సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. ఆయనే దేశం జట్టుకూ కోచ్. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో కొట్టి మళ్లీ బంగారం. అప్పటికే ఒంట్లో క్యాన్సర్, 1963 జూన్‌లో పోయాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం 2023లో కన్నుమూశాడు. ఆయన పేరు చెప్తే మా వాడు "ఏ టీమ్ మామా, ఎంతకు కొన్నరు?" అన్నాడు. రహీంను మాత్రం గుర్తుపట్టాడు, 2024లో 'మైదాన్' సినిమా వచ్చింది కాబట్టి. వాడి దృష్టిలో రహీం సాబ్ అంటే అజయ్ దేవగణ్.

సిటీ పోలీస్ జట్టు బొమ్మ ఉన్న టీషర్టు ఉందా అని నిజామాబాద్‌లో ఒక దుకాణంలో అడిగాను. వాడు నన్ను పైకీ కిందకీ చూసి, "పోలీస్ డ్రెస్సులు పక్క గల్లీల కుడ్తరు సార్" అన్నాడు.

కలకత్తావాళ్లను చూసి ఈర్ష్య పడతాను. 1889 నాటి మోహన్ బగాన్ ఫుట్‌బాల్ క్లబ్బు పేరు ముందు ఒక కంపెనీ జట్టు మూడు అక్షరాలు తగిలిస్తే, ఆ అక్షరాలు తీసేదాకా అభిమానులు ఊరుకోలేదు, 2023లో తీయించారు. అక్కడ చరిత్రకు కాపలాదారులున్నారు, మనకు కస్టమర్లున్నారు. బ్రాండు లేనిది మనకు గతమే కాదు. మా నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022, 2023ల్లో రెండుసార్లు బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. "స్థాపితం" అని ఆ పిల్ల ఎక్కడా రాసుకున్నట్టు లేదు, ఎదుటివాళ్ల ముఖం మీద గుద్ది చెప్పింది.

వింటేజ్ కావడానికి మూతపడి పదేళ్లయితే చాలంటే, మా దగ్గర అంతకంటే పెద్ద సరుకుంది. 1937లో నిజాం కాలంలో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న శక్కర్ నగర్ చక్కెర ఫ్యాక్టరీ, 2015 డిసెంబరులో మూతపడింది. తుప్పు అసలైనది. రంగు వెలవడం సహజంగా జరిగింది, ఎవరికీ పైసలు కట్టలేదు. దాని బొమ్మ టీషర్టు మీద వేస్తే కొనేవాళ్లు ఉంటారేమో. కొన్న పైసలతో కార్మికుల బకాయిలు తీరుస్తామంటే మాత్రం ఎవరూ ముద్రించరు.

అంత దూరం ఎందుకు, బోధన్ పాత పేరు ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని మా పెద్దలు చెప్తారు. రుజువడిగితే ఊరివాళ్లు కొడతారు, నేను అడగను. రేపు ఎవరైనా బోధన్ పేర కబడ్డీ జట్టు కొంటే లోగో కింద "స్థాపితం: ద్వాపరయుగం" అని వేసుకోవచ్చు. హైదరాబాద్ చార్మినార్ కూడా మన ముందు చిన్నపిల్లే. కానీ ఎద్దు బొమ్మ వద్దు. బకాసురుడు బండెడన్నంతో పాటు బండి కట్టుకొచ్చిన ఎడ్లను కూడా తినేవాడంటారు. డెక్కన్ ఎద్దును అప్పులు మింగాయి, ఈ ఎద్దునైనా కాపాడుకుందాం.

మా వాడు మునిగి లేచి, తల తుడుచుకుంటూ అడిగాడు, "మామా, మరి సన్‌రైజర్స్‌కు 2009 కప్పు ఇయ్యాల్నా వద్దా?"

నది వైపు చూపించాను. మంజీర ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిచొచ్చి ఇక్కడ పేరు వదిలేస్తుంది. హరిద్ర కూడా అంతే. ఇక్కడి నుంచి కిందికి అంతా గోదావరే. వాడు కాసేపు చూసి, "అయితే రెండు కప్పులే కదా" అన్నాడు. నా ఉపమానాలు ఎప్పుడూ ఇట్లాగే ఎదుటివాడికి పనికొస్తాయి.

ఇంతలో పక్కన ఎడ్లను కడుగుతున్న ఒక ముసలి రైతు మా దగ్గరికొచ్చాడు. రాయి మీద ఆరేసిన టీషర్టును తడి చేత్తో పట్టుకుని ఎద్దును పరిశీలనగా చూశాడు. కొమ్ములు, మూపురం, కాళ్లు. అంగడిలో చూసినట్టే.

"ఎన్ని పండ్లది బిడ్డా?"

మా వాడికి అర్థం కాలేదు. ఎద్దు వయసును పళ్లు చూసి కడతారని నేను చెప్పాను, రెండు పండ్లదా, నాలుగు పండ్లదా అని.

"ఏమో తాతా, ఫోన్ల చూసి బుక్ చేసిన."

ముసలాయన టీషర్టును జాగ్రత్తగా మళ్లీ రాయి మీద పరిచి, తన ఎద్దు వైపు నడుస్తూ అన్నాడు, "నోరు తెరిచి చూడకుంటనే పైసలు కట్టినవా?"